కడిగిన రూపాయి

అక్టోబర్ 2, గురువారం. దసరా

నేను మార్చలేదు. ముందు ఈ మాట రాసి, ఆ తర్వాత మిగతాది రాస్తాను.

సాయంత్రం ఎల్‌బీ నగర్ నుంచి మా ఆయన అన్న మధుకర్ బావ, ఆయన భార్య, మా యారాలు నాగేశ్వరి వచ్చారు. జమ్మి ఆకు అత్తమ్మ చేతిలో పెట్టి కాళ్ళు మొక్కారు. భోజనానికి కూర్చున్నారు. నా చేతి బగారన్నం బావ రెండుసార్లు వడ్డించుకున్నాడు. తిన్న చెయ్యి ఆరకముందే, "అమ్మా, నీ చార్మినార్ రూపాయలు ఓపారి చూపియ్యే," అన్నాడు.

అవి అత్తమ్మకు పోచంపల్లి నుంచి ఆమె తల్లిగారు పెట్టిన వెండి రూపాయలు. నిజాం కాలంవి. ఒక పక్క చార్మినార్ బొమ్మ, ఇంకో పక్క మాకెవరికీ చదవరాని అక్షరాలు. ఏడాదికి ఒక్కసారి దీపావళి పూజకు బయటికి వస్తాయి. పండుగ రోజు బావకు తన దుకాణంలో పూజ ఉంటుంది కాబట్టి ఆయన మా పూజకు ఏనాడూ రాలేదు, వాటిని ఈ మధ్య చూడనూ లేదు. నేను స్టీలు డబ్బా తెచ్చి పళ్ళెంలో పోశాను. తెల్లగా, ముద్దుగా ఉన్నాయి.

బావ వాటిని ముట్టుకోలేదు. జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని రూపాయిని పళ్ళెం పక్కన పెట్టాడు. అత్తమ్మ మా దగ్గరికి రాకముందు, ఆయన గృహప్రవేశానికి ఈ కుప్పలోంచే తీసి ఇచ్చిన రూపాయి అది. మేం ఇంకా కిరాయి ఇంట్లోనే ఉన్నాం కాబట్టి మాకు రాలేదు. అది వేరే సంగతి. ఆ రూపాయి పెనం అడుగులా నల్లగా ఉంది.

"ఇది అసలుది. మరి ఇవేంది?" అన్నాడు.

"అవీ అసలువే బావా. ఏటా కడుగుతం కాబట్టి తెల్లగున్నయి."

"కడుగుతే గింత తెల్లగయితయా? పూజసామాన్ల దుకాణాలల్ల గిసొంటివే అమ్ముతున్నరు. పైన వెండి పూత, లోపల ఏముంటదో ఎవలకెర్క."

నువ్వు మార్చావు అని ఆయన అనలేదు. యారాలు అనింది, అదీ తిన్నగా కాదు. "ఇంట్ల ఉన్నోళ్ళకు తెలుస్తది గదా, ఏమైందో ఏమో."

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె మా ఇంటికి వచ్చిన మొదటి దీపావళికి ఈ రూపాయలు కూడా అంతే నల్లగా ఉన్నాయి. "నల్ల మొఖాలతోని లక్ష్మిని కూసుండవెడ్తమా? కడుగు కృష్ణా," అన్నది ఆమే. చింతపండు నానబెట్టింది ఆమే. పిడకల బూడిద జల్లెడ పట్టింది ఆమే. ఇద్దరం కూర్చొని మధ్యాహ్నమంతా తోమాం. మా ఆయన ఉపేందర్ ఆ పూట దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో గిరాకీ చూసుకుంటున్నాడు. కాబట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు. నేనూ ఆమే.

అత్తమ్మ తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు.

"మీ రూపాయి ఇటియ్యండి బావా, ఇప్పుడే కడిగి చూపిస్త," అన్నాను. చెయ్యి కూడా చాపాను.

ఆయన చటుక్కున దాన్ని కవర్లో వేసుకున్నాడు. "పిచ్చి లేసిందా? కడుగుతే దీని రేటు పోతది. ఫోన్ల అందరు జెప్తున్నరు."

ఓహో. అలాగా.

అక్టోబర్ 3

నాకేం బాధ లేదు. తీసినవాళ్ళకు ఉండాలి బాధ. నాకెందుకు?

అక్టోబర్ 5, ఆదివారం

మా ఆయన ఉపదేశం: "జర ఊకో కృష్ణా. నువ్వెంత లొల్లి జేస్తే గంత డౌటు వడ్తరు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అయితది."

నేను భుజాలు తడుముకోవడం లేదు. అరుస్తున్నాను. రెండూ ఒకటి కాదు. గుమ్మడికాయ ఎత్తనివాళ్ళు నోరు మూసుకొని కూర్చోవాలని ఏ సామెతలోనూ లేదు.

అత్తమ్మ ఈ రోజు ఉప్మాలో ఉప్పు తక్కువైందని మాట్లాడింది. బాల్కనీలో పావురాలు ఎక్కువయ్యాయని మాట్లాడింది. నోరు బాగానే పనిచేస్తోంది.

అక్టోబర్ 6

మా ఆయన కూడా అడిగాడు.

అక్టోబర్ 7

నిన్న ఒక్క లైను రాసి వదిలేశాను. ఇవాళ రాస్తాను, లేకపోతే కొన్నాళ్ళకు ఆయన అలా అడగలేదని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను.

చొక్కా విప్పుతూ, గోడ వైపు చూస్తూ అడిగాడు. "నీ ఆపరేషనప్పుడు దవాఖానల శాన ఖర్చయింది గద. అప్పుడేమన్న... అవసరం వడి... నాకు జెప్పలేక..." అక్కడ ఆగాడు. కోపంగా అడిగి ఉంటే తిట్టేదాన్ని. జాలిగా అడిగాడు. క్షమించడానికి తయారుగా ఉన్నాడు, మహానుభావుడు. చెయ్యని తప్పుకు క్షమాపణ దొరకడం కంటే అవమానం ఇంకోటి లేదు.

ఈ వారమంతా ఆయనకు పచ్చిపులుసే. అన్నంలోకి అదే, నంజుకోవడానికీ అదే.

అక్టోబర్ 8, బుధవారం

కిష్టమ్మ వచ్చింది. మా కులపామే, ఎప్పటినుంచో తన పట్టుచీరలకు ఫాల్ కుట్టమని నాకే ఇస్తుంది. మూట గుమ్మంలో పడేసి, "అయినంక ఫోన్ జెయ్యి," అని వెళ్ళిపోయే మనిషి. ఇవాళ మిషను పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంది.

"తీరికగున్న. నువ్వు కుట్టుడు అయినంకనే తీస్కపోత," అంది.

కుట్టి ఇచ్చాక జరీ అంచు వెలుతురులో పెట్టి చూసుకుంది. నేను కుట్టింది ఫాలు. జరీని నేనేం చేస్తానమ్మా? నమిలి తింటానా?

తెలిసింది. నిన్న కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిలో మా యారాలు కలిసిందట. దేవుడి దగ్గర కూడా ఇదే ముచ్చట అన్నమాట. ఇంట్లో నాలుగు గోడల మధ్య ఉన్నంతసేపు నాకు కోపమే. ఇప్పుడు భయం కూడా వేస్తోంది. నా దగ్గర డిగ్రీ లేదు, దుకాణం లేదు. ఇంకొకరి పెళ్ళిచీర నా ఇంట్లో వారం రోజులు ఉన్నా వాళ్ళకు నిద్రపట్టేది, అదే నా పెట్టుబడి. అది పోతే మిషను అమ్ముకోవాల్సిందే.

అమ్ముకోను. రేపో ఎల్లుండో ఈ సంగతి తేల్చేస్తాను.

అక్టోబర్ 11, శనివారం

"రూపాయలు తీస్కపోతున్న అత్తమ్మా. తెలిసినోళ్ళకు చూపిస్త," అని చెప్పాను. ఆపుతుందేమో అనుకున్నాను. "తీస్కపో," అంది. అంతే. కొంచెం ఆపినా బాగుండేది, గొడవకైనా ఒక దారి దొరికేది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి మలక్‌పేటలో దిగాను. ఒక కాంప్లెక్సు మెట్ల కింద పాత నాణేల దుకాణం. దాన్ని నడిపే అమ్మాయి పేరు జోస్నా. మెడలో చిన్న సిలువ, కంటికి భూతద్దం. ముందు తూకం వేసింది. పదకొండు గ్రాములు చిల్లర. అంచులు చూసింది. అక్షరాల సందుల్లోకి చూసింది. దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"అసలువే ఆంటీ. డౌటే లేదు."

నాకు ఆ పిల్లను ముద్దుపెట్టుకోవాలనిపించింది.

"గానీ కడిగిండ్రు," అంది, ఎవరో పోయారని చెప్పినట్టు. "చింతపండా?"

"చింతపండు, బూడిద."

"గదే. ఒట్టి చింతపండయితే గిన్ని గీతలు రావు. చూడండి, అన్ని గుండ్రంగ తిరిగినయి. మీ బొటనవేలు ఎట్ల తిరిగిందో గట్ల."

అద్దంలోంచి చూశాను. నిజమే. చార్మినార్ మీద నా వేలు తిరిగిన దారి కనబడింది. సగం దారి అత్తమ్మది అయుండాలి.

జోస్నా చెప్పిన లెక్క ఇది. కడగని నల్ల రూపాయికి కొనేవాళ్ళు మూడింతలు, నాలుగింతలు పెడతారు. ఆ నలుపు దానంతటదే ఏళ్ళ తరబడి పట్టిందని వాళ్ళకు మోజు. కడిగినదానికి వెండి ధర తప్ప ఏమీ రాదు. "మీరు కడిగింది మురికి గాదాంటీ, దాని వయసు," అంది.

"వయసైందని ఎవరన్న స్నానం మానేస్తరా?" అన్నాను.

నవ్వింది. వాళ్ళమ్మ ఎలీశమ్మ కూడా ఇంతేనట. క్రిస్మస్ ముందు ఇంట్లో ఏది కంటబడితే దాన్ని తోమేస్తుందట. "అందుకే నా బిళ్ళలు ఇంట్ల వెట్ట," అంది.

వెనక్కి వస్తూ రైల్లో ఆలోచించాను. మనవాళ్ళు మంచి మనిషిని కడిగిన ముత్యం అంటారు. రూపాయి కడిగితే మాత్రం పనికిరాదట. ముత్యానికి ఒక నీతి, రూపాయికి ఒక నీతి. కొనేవాళ్ళ ఇష్టం కొనేవాళ్ళది. నేను అమ్మడానికి తోమలేదు, దేవుడి ముందు పెట్టడానికి తోమాను. మళ్ళీ ఆ రోజు వచ్చినా మళ్ళీ తోముతాను.

అసలువి అని తేలింది కదా. ఇక చాలు. రేపు ఎల్‌బీ నగర్.

అక్టోబర్ 12, ఆదివారం

చాల్లేదు.

మా ఆయన కూడా వస్తానన్నాడు, వద్దన్నాను. బావ వాళ్ళ హాల్లో సోఫా అంచున కూర్చొని అంతా చెప్పాను. అసలువే అని, కడిగితే ధర ఎందుకు తగ్గుతుందో, అన్నీ. నమ్మకపోతే తీసుకెళ్ళి చూపిస్తానన్నాను. బావ నింపాదిగా విన్నాడు. చాయ్ తాగాడు.

"అంటే నల్లయి మూడు నాలుగింతలు వల్కుతయి. తెల్లయి వెండి రేటుకే దొర్కుతయి. అంతే గద?"

"అంతే."

"మరింకేంది. నల్లయి అమ్మి తెల్లయి కొనుక్కొచ్చి డబ్బాల వోస్తే, నడుమ ఎంత మిగుల్తది?"

అంతదాకా నాకు తట్టనేలేదు. మెడ చుట్టూ తాడు నేనే పేని తెచ్చి ఇచ్చాను. ఆయన నా పేరు తప్ప అన్నీ చెప్పాడు. యారాలు వంటింటి గుమ్మంలో నిలబడి గరిటె ఆడిస్తూ వింటోంది.

"మీ రూపాయి కడగండి," అన్నాను. "నేను ముట్టుకోను. మీ చేతులతోని, మీ సింకుల, మీరే కడగండి. తెల్లగ గాకపోతే నేను దొంగనే."

"దాని రేటెంతో ఎర్కేనా నీకు?"

"నా రేటెంత బావా?"

ఒక్క రూపాయి తడుపుకుంటే తేలిపోయే సంగతి. తడపడు. ఆ నలుపు ఆయనకు నాకంటే ఎక్కువ.

మెట్రో దాకా నడిచాను. విజయవాడ బస్సులన్నీ ఒక్కసారే హారన్లు కొడుతున్నాయి. ఎవరికీ వినబడదు కాబట్టి నాకు వచ్చిన తిట్లన్నీ పైకే తిట్టాను. హాయిగా ఉంది.

అక్టోబర్ 14, మంగళవారం

ఈ రోజు విన్నది రాయాలా వద్దా అనుకున్నాను. రాస్తాను.

అత్తమ్మ ఫోన్లో బావతో మాట్లాడుతోంది. తేనె కారుతోంది గొంతులోంచి. "పెద్దోడా, ఈపారి నువ్వు లేకుంటే పూజ జెయ్య బిడ్డా. ముందుగాల ఇటొచ్చి, గటెన్క దుకాణానికి వో. నీ రూపాయి గూడ తీస్కరా. అన్నిట్ల అదే మంచిగున్నది, అది లేకుంటే లక్ష్మి ఎట్ల నిండుగుంటది?"

అన్నిట్లో అదే మంచిగా ఉందట.

నేను పప్పు మిక్సీలో పోస్తున్నాను. ఇంకో మాట వినబడకుండా మిక్సీ వేశాను.

నాకేం బాధ లేదు. ఎవరి కొడుకు వాళ్ళకు ముద్దు. ఆమె మోకాళ్ళకు నూనె రాసేది నేను, ఆమెకు ముద్దు పెద్దోడు. లోకరీతి. నేనేమన్నా మెచ్చుకోమని అడిగానా? "నేనే కడగమన్న" అనే రెండు మాటలు అడిగాను. అదీ నోటితో అడగలేదు. అడగను కూడా.

అక్టోబర్ 15

నాకేం బాధ లేదు.

అక్టోబర్ 17, శుక్రవారం

అడిగాను. నూనె రాస్తూ ఉండగా నోరు జారింది. "ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు అత్తమ్మా?"

"గీ కాలుకు ఇంకింత రాయి," అంది.

రాశాను. ఏం చెయ్యను, మోకాలు ఏం పాపం చేసింది? కానీ ఒకటి నిశ్చయించుకున్నాను. దీపావళికి ఆ రూపాయలను ఎప్పటిలాగే తోముతాను. బూడిదతోనే. ఇంకో నాలుగు గీతలు పడనీ. భయపడి ఈ ఏడు తోమడం మానేశానని ఎవరూ అనకూడదు.

అక్టోబర్ 18

కిష్టమ్మ ఫోన్ చేసింది. పండుగకు కొన్న చీరలు ఈసారి కొత్తపేటలో ఇంకెవరికో ఇచ్చిందట. "నువ్వు పరేషాన్‌ల ఉన్నవని," అంది. ఎంత దయ.

అక్టోబర్ 21, మంగళవారం

నిన్నటిది రాస్తున్నాను. నిన్న చేతులు ఖాళీ లేవు.

పొద్దున్నే రూపాయలు తోమాను. తోమినంతసేపూ అత్తమ్మ గుమ్మంలో కూర్చొని చూసింది. అయిపోయాక, "ఆ పులుసు పారవొయ్యకు. బూడిద గూడ ఉండనియ్యి," అంది. ఇత్తడి చెంబుకేమో అనుకొని గిన్నె మూత పెట్టి పక్కన ఉంచాను.

సాయంత్రం బావ, యారాలు వచ్చారు. బావ కొత్త లాల్చీలో ఉన్నాడు. దేవుడి పీట ముందు అందరం కూర్చున్నాం. పళ్ళెంలో నా తెల్ల రూపాయలు. ఆయన వాటి వంక చూసి మూతి తిప్పాడు. తన కవరు తీశాడు. రూపాయిని అంచులు పట్టుకొని, వేలిముద్ర పడకుండా, తల్లి చేతిలో పెట్టాడు.

"పైలం అమ్మా. పసుపు కుంకుమ అంటనియ్యకు."

"అంటనియ్య బిడ్డా," అంది అత్తమ్మ.

అని, పక్కకు తిరిగి, గిన్నె మూత తీసి, రూపాయిని చింతపండు పులుసులో ముంచింది.

"అమ్మా! ఏం జేస్తున్నవే!"

"కడుగుతున్న."

బావ మీదికి వచ్చాడు. ఆమె పిల్లలను కప్పుకున్న కోడిలా గిన్నె మీదికి వంగి, వీపు ఆయన వైపు పెట్టింది. తల్లి చేతిలోంచి గుంజుకోవడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. "నిల్సో! జర నిల్సో!" అని కేకలు మాత్రం వేశాడు. ఆమె బూడిదలో బొటనవేలు అద్దింది. గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. ఆ నొప్పుల వేలు అంత గట్టిగా తిరగగలదని నాకు తెలియదు. పులుసు నల్లబడింది. ఆమె వేలు నల్లబడింది. చార్మినార్ ఒక్కొక్క మినారే బయటపడింది.

"పోయింది. మొత్తం రేటు వోయింది," అన్నాడు బావ. నిజంగా ఏడుపు గొంతు.

అత్తమ్మ చేతులు ఆపకుండానే మాట్లాడింది. "వీటిని కడుగుమన్నది నేను. కడిగింది మేమిద్దరం. గీ మాట దసరానాడే అందు. అంటే ఏమందువు నువ్వు? కోడలింట్ల తింటున్నది, కోడలికి వత్తాసు వల్కుతున్నది అందువు. నోటితోని జెప్తే నమ్మవు బిడ్డా. అందుకే చేతితోని జెప్తున్న. నీ రూపాయి నువ్వు తెచ్చేదాక ఆగిన."

ఫోన్లో కారిన తేనె ఎవరికోసమో నాకు అప్పుడు అర్థమైంది. పద్దెనిమిది రోజులు ఆమెను మనసులో ఎన్ని తిట్లు తిట్టానో నాకు తెలుసు. అక్కడే, అందరి ముందే, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. బాధ లేదని రాసినవన్నీ అబద్ధం.

ఆమె రూపాయిని నీళ్ళలో జాడించి, కొంగుతో తుడిచి, పళ్ళెంలో పడేసింది. మిగతావాటి మీద పడి ఖంగుమంది. పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకొని, బియ్యం చెరిగినట్టు రెండుసార్లు ఎగరేసి, బావ ముందు పెట్టింది.

"తీస్కో. నీది నువ్వు దీస్కో."

బావ వంగాడు. ఒకటి తీశాడు, తిప్పాడు, పెట్టాడు. ఇంకోటి తీశాడు. ఫోన్ లైటు వేసి చూశాడు. యారాలు కూడా వంగింది. మా ఆయన వాళ్ళను చూశాడు, తర్వాత నన్ను చూశాడు, చూసి తల దించుకున్నాడు.

"నాదేదే అమ్మా?"

"నన్నడుగుతవేంది? అసలుదేదో, మార్చిందేదో నీకు ఎర్కే గద. దసరానాడు దూరంకెళ్ళే జెప్పినవు."

చాలాసేపు వెతికాడు. దీపాల్లో నూనె తగ్గుతోంది. చివరికి ఫోన్ లైటు ఆపి, "అన్ని ఒక్కతీర్గనే ఉన్నయి," అన్నాడు, నేల చూస్తూ.

"గా మాట నాకెందుకు? కృష్ణకు జెప్పు," అంది అత్తమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. పెదాలు కదిలాయి. "అన్ని అసలువే. నువ్వేం మార్చలే," అన్నాడు, గొంతులోనే.

పెద్దవాడు, పండుగపూట, పోనీలే అని నేను ఊరుకోవాలి. మా అమ్మ ఉంటే అదే చెప్పేది. నేను ముక్కు తుడుచుకున్నాను.

"వినవడలే బావా," అన్నాను. "కర్మన్‌ఘాట్ దాక వినవడేటట్టు చెప్పండి."

చెప్పాడు.